మంచు కొండ నించి కనుమ దాకా, మామూలు కెమెరాతో చలికాలం ఫొటోలు తీసే పద్ధతి

ప్రతి డిసెంబర్‌లో ఇవే ప్రశ్నలు. భోగి మంట ఫొటోలో మంట తెల్లటి ముద్దలా, మొహాలు నల్లగా ఎందుకొస్తున్నాయి, దేవమాలి కొండ మీద కెమెరా ఎందుకు ఆగిపోయింది, గ్రూప్ ఫొటోలో తాతగారు ప్రతిసారీ కళ్ళెందుకు మూస్తారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే నేను చేసే వరుస అంతా ఇక్కడ రాసేస్తున్నా. నేను ఉండేది ఒడిశాలో రాయగడ, సొంతూరు అక్కడిదే పర్లాకిమిడి, కెమెరా పాతది, దాంతో వచ్చిన 18-55 లెన్స్, ఒక 50, ఒక 70-300 (అంకెలన్నీ ఎంఎం, చిన్న అంకెకి ఎక్కువ వెడల్పు, పెద్ద అంకెకి దూరపువి దగ్గరగా). ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఫోన్ ఉన్నవాళ్ళకి కూడా చాలావరకు ఇదే వర్తిస్తుంది.

1. ముందు క్యాలెండర్, తర్వాతే కెమెరా

అందరూ చేసే మొదటి తప్పు, తిరగడాన్నీ పండగనీ ఒకే వారంలో ఇరికించడం. కొండలకి వెళ్ళొచ్చి నిద్రలేకుండా భోగినాడు నాలుగింటికి లేస్తే ఫొటోలూ రావు, ఇంట్లో మాట కూడా పడాలి.

నా లెక్క ఇది. కొండలు, సంతలు, పక్షులు అన్నీ డిసెంబర్‌లోనే, లేదా జనవరి మొదటి వారంలో. భోగికి మూడ్రోజుల ముందే ఇంటికి చేరిపోవాలి, ఎందుకంటే మంచి ఫొటోలు పండగ రోజుకన్నా పండగ పనుల్లోనే ఎక్కువ ఉంటాయి. పండగ రోజు అందరూ కొత్తబట్టలేసుకుని బిగుసుకుపోయి నిలబడతారు, ముందురోజు పిండి చేతుల్తో ఉన్నప్పుడు మాత్రం అసలు మనుషులు కనిపిస్తారు.

కనుమ రోజు తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, మా మామ్మ అయితే చెప్పులు దాచేసేది. ఆ రోజుని ఫొటోలకి వాడుకోవాలి, ఎలాగో తొమ్మిదో అంకెలో చెప్తా.

2. బ్యాగు సర్దడం

ముందురోజు రాత్రే సర్దండి, తెల్లవారుజామున చీకట్లో కాదు.

- బ్యాటరీలు రెండు, రెండూ ఫుల్ ఛార్జ్
- మెమరీ కార్డులు రెండు (ఒక పెద్ద కార్డుకన్నా రెండు చిన్నవి మేలు)
- జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ కవర్లు రెండు, కెమెరా మొత్తం పట్టేవి
- మందుల డబ్బాల్లోనో కొత్త చెప్పుల డబ్బాల్లోనో వచ్చే సిలికా జెల్ పొట్లాలు
- మెత్తటి గుడ్డ, పాత బనియన్ ముక్క ఉతికింది అయినా సరే
- లెన్స్ ముందు పెట్టే యూవీ ఫిల్టర్, భోగి మంట కోసం
- చిన్న టార్చ్
- ట్రైపాడ్

ఇంకోటి, కెమెరాలో తారీకు, టైమ్ చూసుకోండి. ఒక ఏడాది నేను బ్యాటరీ తీసి చాలా రోజులు పక్కన పడేస్తే గడియారం మొదటికి పోయింది, నేను చూసుకోలేదు, ఆ సంక్రాంతి ఫొటోలన్నీ ఏదో పాత ఏడాదిలోకి వెళ్ళి కూర్చున్నాయి, వెతకడానికి రెండు పూటలు పట్టింది.

3. లెన్స్‌కి చెమ్మ పట్టకుండా

చాలామంది చలి వల్ల కెమెరా పాడవుతుందనుకుంటారు. చలితో అంత ఇబ్బంది లేదు, చలిలోంచి వెచ్చటి తడిగాలిలోకి తెచ్చినప్పుడే గొడవ. చల్లబడిన గాజు మీద గాలిలో తేమ నీరై పడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పడ్డట్టు. దేవమాలి దగ్గరి ఊరు సిమిలిగుడలో పొద్దున్న చలిలో తిరిగి వచ్చి తిన్నగా టీకొట్లో మరుగుతున్న గిన్నె పక్కన కెమెరా పెడితే అంతే సంగతులు.

చెయ్యాల్సింది తేలిక. బయట చలిలో ఉండగానే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసేయండి. లోపలికి వచ్చాక అరగంట, ముప్పావుగంట తెరవకండి. చెమ్మ కవరు బయటే పడుతుంది, కెమెరా నెమ్మదిగా గది వేడికి వస్తుంది. కార్డు చూడాలని ఆత్రం ఉంటే కవర్లో పెట్టేముందే కార్డు తీసి జేబులో వేసుకోండి.

ఒకవేళ మంచు పట్టేసిందా, నోటితో ఊదకండి, ఇంకా పడుతుంది. లెన్స్ విప్పకండి, చెమ్మ లోపలికి పోతుంది. కాసేపు అలా వదిలేస్తే అదే ఆరిపోతుంది.

బ్యాటరీ సంగతి వేరు. చలికి దాని శక్తి తాత్కాలికంగా తగ్గుతుంది. రెండో బ్యాటరీ చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచండి, మొదటిది అయిపోయిందని చూపిస్తే మార్చి దాన్ని వెచ్చబెట్టండి, మళ్ళీ కొంచెం పని చేస్తుంది. నాకిది తెలియని రోజుల్లో దేవమాలి మీద సూర్యుడు వచ్చే సరిగ్గా ఆ పది నిమిషాలు కెమెరా చచ్చి కూచుంది.

4. దేవమాలి మీద పొద్దు

ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, 1672 మీటర్లు, పైదాకా రోడ్డుంది. రాయగడ నించి కొరాపుట్‌కి హీరాఖండ్ రైలు ఎక్కొచ్చు, అక్కణ్ణించి సిమిలిగుడలో రాత్రి ఉండి తెల్లారకముందే బండిలో బయల్దేరడం మంచిది.

జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర దాటాకే. మీరు ఐదున్నరకల్లా పైన ఉండాలి. మంచి రంగులు సూర్యుడు రాకముందు అరగంటలో ఉంటాయి, సూర్యుడు వచ్చాక వచ్చేవాళ్ళు టీ తాగి ఫోన్లో సెల్ఫీ తీసుకుని దిగిపోవడమే.

పైన గాలి ఎక్కువ. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా సాగదీయకుండా, మధ్య కర్ర లేపకుండా, బ్యాగుని దాని మధ్యలో వేలాడదీయండి. ఫోటో నొక్కడానికి రెండు సెకన్ల టైమర్ పెట్టండి, వేలు తగిలి కదలకుండా.

లోయలో మంచు దూదిలా నిండి ఉంటే కెమెరా మోసపోతుంది. అంత తెలుపు చూసి వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోని బూడిదరంగులోకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (కెమెరా లెక్కకన్నా ఫొటోని వెలుతురుగానో చీకటిగానో చేసే అంకె) +0.7 నించి +1 దాకా పెంచండి. ఫోన్లో అయితే తెర మీద వేలు నొక్కి పట్టుకుని, వచ్చిన సూర్యుడి బొమ్మని కొంచెం పైకి లాగండి.

మంచులో ఫోకస్ అటూ ఇటూ కొట్టుకుంటుంది, దేనిమీదా నిలవదు. చెట్టు మొదలు అంచు, రాయి అంచు లాంటి గట్టి గీత మీద ఫోకస్ చేసి తర్వాత ఆటో ఫోకస్ ఆపేయండి.

చీకట్లో కెమెరా తెర చూసి ఫొటో బాగా వచ్చిందనుకోకండి. చీకట్లో ఏ తెరైనా వెలిగిపోతుంది, ఇంటికొచ్చి చూస్తే నల్లగా ఉంటుంది. తెర వెలుగు తగ్గించి హిస్టోగ్రామ్ (ఎడమవైపు చీకటి, కుడివైపు వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) చూడండి, గుట్టంతా ఎడమ గోడకి అతుక్కుపోతే ఇంకా వెలుతురు కావాలి.

5. సంతలో

కుందులి సంత శుక్రవారం, చాటికోన బుధవారం, ఒంకడెల్లి గురువారం. ఫొటోల కోసమే వెళ్ళేవాళ్ళు ఎక్కువైపోయి సంతలో జనానికి కెమెరా అంటేనే విసుగొచ్చింది, అందులో వాళ్ళ తప్పేం లేదు. చాటికోనకి డొంగ్రియా గిరిజనులు, ఒంకడెల్లికి బొండా గిరిజనులు దిగుతారు, వాళ్ళని దూరం నించి పెద్ద లెన్స్‌తో దొంగచాటుగా తీసే పని పెట్టుకోవద్దు. వాళ్ళ ఊళ్ళలోకి వెళ్ళి ఫొటోలు తీయడం మీద ఆంక్షలున్నాయి, ముందు జిల్లా ఆఫీసులో అడిగాకే ఆలోచించండి.

నా వరుస ఇది: మొదటి గంట కెమెరా బ్యాగులోనే. కూరగాయలో, అల్లమో, పసుపో ఏదో కొనండి, మాట కలపండి. ఒడియాలో "మావుసీ, ఫొటో ఉఠేయిబి కి?" (పిన్నీ, ఫొటో తియ్యనా?) అని అడగండి. తలూపితే తియ్యండి, చెయ్యి అడ్డుపెడితే నవ్వేసి కదిలిపోండి. తీశాక తెర మీద చూపించండి. పన్నెండు తర్వాత నడినెత్తి ఎండకి కళ్ళ కింద నీడలు పడతాయి, అప్పుడు టార్పాలిన్ నీడలో కూర్చున్నవాళ్ళనే తీయాలి, అయితే నీలం టార్పాలిన్ కింద మొహాలన్నీ నీలంగా వస్తాయి, అది మాత్రం తప్పించుకోండి.

6. చిల్కా సరస్సు, క్లుప్తంగా

బరంపురం వైపు వాళ్ళకి సరస్సు ఒడ్డున ఉన్న రంభ దగ్గరవుతుంది. వలస పక్షులు నవంబర్ నించి ఫిబ్రవరి దాకా ఉంటాయి. పొద్దున్న ఒడ్డు నించి నీళ్ళవైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పక్షులన్నీ నల్లబొమ్మలే. పడవ కాస్త లోపలికి వెళ్ళాక వెనక్కి తిరిగి, వీపుకి ఎండ తగిలేలా తియ్యండి. షట్టర్ వేగం (అది తెరుచుకునుండే సమయం, సెకన్లలో) 1/1000 కన్నా తగ్గకూడదు, ఎగిరే పక్షికి 1/2000. పడవ ఊగుతుంటే ట్రైపాడ్ దండగ. పక్షులు ఎగరాలని పడవవాడిని దగ్గరికి పొమ్మనొద్దు, చప్పట్లు కొట్టొద్దు.

7. లక్ష్మివారం ముగ్గులు

మార్గశిరంలో మనకి లక్ష్మివారం పూజ, పక్కింటి ఒడియా వాళ్ళకి అదే రోజుల్లో మాణబసా గురుబార. వాళ్ళు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి వేళ్ళతో ఝోటి వేస్తారు, గుమ్మంలోంచి లోపలికి లక్ష్మీదేవి పాదాలు. మనది పొడి ముగ్గు, వాళ్ళది తడి ముగ్గు, రెండిటికీ ఫొటో తీసే సమయం వేరు.

ఝోటి వేసిన వెంటనే తియ్యకండి, తడి మీద గీత సరిగ్గా కనబడదు, ఆరే కొద్దీ తెల్లగా తేలుతుంది. వేస్తున్న చేతిని ముందు తీసుకుని, ముగ్గుని ఆరాక తియ్యండి. పొడి ముగ్గు వేసిన వెంటనే తీసేయాలి, లేదంటే ఆవో, సైకిలో, మా ఇంటిదగ్గరైతే కోళ్ళో తొక్కేస్తాయి.

పొద్దున్న ఎండ పక్కనించి వాలుగా పడుతున్నప్పుడు పిండి గీతకి చిన్న నీడ పడి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. మేడ మీద నించి తీసేటప్పుడు కెమెరా నేలకి సమాంతరంగా ఉండాలి, లేకపోతే గుండ్రటి ముగ్గు కోడిగుడ్డులా వస్తుంది. మీ నీడ ముగ్గు మీద పడుతోందేమో చూసుకోండి, ఇది నేను ఇప్పటికీ మర్చిపోతుంటా.

8. అరిసెల రోజు

నా మటుకు నాకు మొత్తం పండగలో ఇదే పెద్ద రోజు. కానీ వంటింట్లోకి కెమెరాతో దూరితే తిడతారు, అందుకని ముందు పని చెయ్యాలి. బియ్యం నానబెట్టిన గిన్నె మొయ్యడం, మరకి తీసుకెళ్ళడం, జల్లెడ పట్టడం, ఇవన్నీ చేసి ఒంటికి పిండి అంటాక మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. అప్పుడు తియ్యండి కెమెరా. మా పెద్దప్ప అయితే "పాకం తిప్పావా, అయితే తీసుకో" అంటుంది, అదే మా ఇంట్లో పర్మిషన్.

వంట వరుస తెలిస్తేనే ఫొటో దొరుకుతుంది, ఎందుకంటే ముఖ్యమైన క్షణాలు ఒక్కసారే వస్తాయి, మళ్ళీ చెయ్యమంటే పాకం ముదిరిపోతుంది.

- తడిపిండి జల్లించడం: కిటికీకి ఎదురుగా నిలబడితే పిండి పొగలా వెలుగుతుంది, షట్టర్ 1/250
- పాకం చూడడం: పళ్ళెంలో నీళ్ళలో చుక్క వేసి వేళ్ళతో ఉండ చేస్తారు, చెయ్యికి దగ్గరగా, ఎఫ్ 4 (లెన్స్ రంధ్రం అంకె, చిన్నదైతే వెనక మసక)
- పిండి పోస్తూ ఒకరు, తిప్పుతూ ఇంకొకరు: ఇద్దరి మొహాలూ రావాలి, 18 నించి 24 ఎంఎం
- నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కడం: కారే నూనె మీద పక్కనించి వెలుతురు

పిండి పోసేటప్పుడు ఆవిరి ఒక్కసారిగా లేస్తుంది, లెన్స్ మసకబారుతుంది. కెమెరాని గంట ముందే వంటింట్లో ఓ మూల ఉంచితే ఆ వేడికి అలవాటు పడుతుంది, మసక తక్కువ. ఫోన్ అయితే తీసే ముందు ప్రతిసారీ తుడవండి, నూనె జిడ్డు పట్టిన ఫోన్ లెన్స్‌తో తీసిన దీపాలన్నీ సాగిపోయిన గీతల్లా వస్తాయి.

ట్యూబ్‌లైట్ ఆర్పేసి కిటికీ వెలుతురుతో తియ్యండి. రెండూ కలిస్తే మొహం ఒకవైపు ఓ రంగు, ఇంకోవైపు ఇంకో రంగు. నూనె బాణలికి నాలుగడుగుల దూరం ఉండండి, అందుకే 50 లెన్స్ ఇక్కడ హాయి. మెడలో కెమెరా వేలాడేసుకుని బాణలి మీదకి వంగడం అస్సలొద్దు.

పొరుగువాళ్ళ ఆరిసా పిఠా, మన అరిసె పక్కపక్కన పెట్టి తీస్తే చాలా బావుంటుంది, అవి అన్నదమ్ములే. సంక్రాంతినాడు వాళ్ళింటి నించి మకర చౌళ వస్తుంది, కొత్త బియ్యం, కొబ్బరి, బెల్లం, అరటిపండు, పాలు కలిపింది. తెల్లటి గిన్నెలో తెల్లటి పదార్థం కాబట్టి దేవమాలి మంచుకి చేసినట్టే ఇక్కడా +0.7 పెట్టండి.

9. భోగి, భోగిపళ్ళు, కనుమ

భోగి మంట ఫొటోకి మూడు దశలున్నాయి, మూడింటికీ సెట్టింగ్ మారాలి.

మొదటిది అంటించే ముందు, పూర్తి చీకటి. పిడకల దండలు పట్టుకుని మూటల్లా నిలబడ్డ పిల్లల్ని టార్చ్ వెలుగులో తియ్యండి, టార్చ్‌ని మొహంలోకి కొట్టకుండా గోడ మీదకో తెల్ల దుప్పటి మీదకో కొట్టండి. ఐఎస్‌ఓ 3200 (కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూస్తుందో చెప్పే అంకె), షట్టర్ 1/60.

రెండోది మంట ఎగిసినప్పుడు. కెమెరా చీకటిని చూసి వెలుతురు పెంచేస్తుంది, మంట తెల్లముద్ద అయిపోతుంది, మీరడిగే ప్రశ్నకి జవాబు ఇదే. కాంపెన్సేషన్ −1 పెట్టండి. మంటని కాకుండా మంట వెలుగు పడిన మొహాలని తియ్యండి, అంటే మంట మీకూ వాళ్ళకీ మధ్యలో కాకుండా పక్కన ఉండాలి. షట్టర్ 1/125 నించి 1/250, ఐఎస్‌ఓ 1600 దగ్గర మొదలుపెట్టి చూడండి. ఫ్లాష్ వద్దు, ఆ ఎర్రటి వెలుగంతా చంపేస్తుంది. గాలి వచ్చే వైపు నిలబడండి, నిప్పురవ్వలు అవతలికి పోతాయి. యూవీ ఫిల్టర్ పెట్టమన్నది ఇందుకే, నాది ఒకటి రవ్వపడి మచ్చ తేలింది, లెన్స్ మాత్రం బతికింది.

మూడోది అందరూ వదిలేసేది. సూర్యుడు రావడానికి ఇరవై, ముప్పై నిమిషాల ముందు, పర్లాకిమిడి, బరంపురం వైపు అయితే సుమారు ఆరింటికి, ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, మంట తగ్గి నిప్పులు ఎర్రగా ఉంటాయి. రెండు వెలుగులూ సమానం. అప్పటికి జనం తలంట్లకి వెళ్ళిపోతారు, ఎవరో ఒక ముసలాయన చేతులు కాచుకుంటూ ఉంటాడు. ఆ ఫొటో తియ్యండి.

భోగిపళ్ళు సాయంత్రం కరెంటు లైట్ల కింద పోస్తారు, అక్కడే చిక్కు. ఎల్ఈడీ, ట్యూబ్‌లైట్లు మినుకుమంటాయి, షట్టర్ వేగం పెంచితే ఫొటోలో చారలు పడతాయి, 1/100 దగ్గర పెడితే చారలు పోతాయి కానీ రేగుపళ్ళు గీతల్లా సాగుతాయి. నాకు దొరికిన ఒకే మార్గం ఇంట్లో బతిమాలి పేరంటాన్ని నాలుగింటికి మార్పించడం, వరండాలో పగటి వెలుతురులో, 1/500. పిల్లాడి ఎత్తుకి కూర్చుని తియ్యండి. మొదటి గుప్పెడే అసలు గుప్పెడు, రెండో గుప్పెటికి ఏడుపు మొదలు.

హరిదాసు వస్తే ముందు బియ్యం పొయ్యండి, తర్వాత అడగండి. తలమీద పాత్ర దించమని అడక్కండి, దించరు.

ఇక గ్రూప్ ఫొటో, కనుమ పొద్దున్న తొమ్మిదికి. ఎవరూ ఊరెళ్ళరు, గారెలు ఇంకా వేగుతుంటాయి, కోడికూర పొయ్యిమీదుంటుంది కాబట్టి మగాళ్ళు కూడా ఇంటిచుట్టే తిరుగుతుంటారు. జనవరిలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కనక ఉత్తరం వైపు అరుగు రోజంతా నీడే, అక్కడ కూచోబెట్టండి.

- పెద్దవాళ్ళు మధ్యలో కుర్చీల్లో, పిల్లలు కింద, మిగతావాళ్ళు వెనక
- 28 నించి 35 ఎంఎం, ఎఫ్ 8, ఫోకస్ ముందు వరస మొహాల మీద
- ఇంకా వెడల్పు లెన్స్ వాడితే అంచున ఉన్నవాళ్ళు లావుగా సాగుతారు, మా బావ ఇప్పటికీ ఆ ఫొటో మర్చిపోలేదు
- పది సెకన్ల టైమర్, దాని మీద వరసగా పది ఫొటోలు
- నొక్కే ముందు తలలు లెక్కపెట్టడం

తాతగారి కళ్ళకి మందు: అందర్నీ కళ్ళు మూసుకోమని, టైమర్ ఆఖరి సెకన్లలో మూడు లెక్కపెట్టి, మూడు అనగానే తెరవమనండి. ఒకే అరుగు, ఒకే వరస, ప్రతి ఏడాదీ. ఖాళీ అయిన కుర్చీని మేం ఖాళీగానే ఉంచుతున్నాం, అది మీ ఇష్టం.

10. పెద్దల పటాలు

సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేముందు గోడమీద పటాలు దించి తుడుస్తారు. ఏడాదిలో అవి చేతికి అందేది అప్పుడే. అద్దం తీయగలిగితే తీసి, కిటికీ పక్కన బల్లమీద పరిచి, వెలుతురు ఒక పక్కనించి వాలుగా పడేలా, పైనించి తిన్నగా కాపీ తియ్యండి. పాత ఫొటో అద్దానికి అతుక్కుని ఉంటే లాగకండి, చిరిగిపోతుంది, అద్దంతోనే తియ్యండి, మీకూ పటానికీ మధ్య, లెన్స్ మాత్రం బయటికి వచ్చేలా, నల్ల దుప్పటి ఎవరినైనా పట్టుకోమంటే మీ నీడ అద్దంలో కనపడదు. వెనక రాసిన పేర్లు కూడా ఫొటో తియ్యండి. పేరు తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే అప్పుడే మామ్మల్ని అడిగి ఫోన్లో గొంతు రికార్డ్ చేసుకోండి. బట్టలు పెట్టే పూజ మాత్రం నేను తియ్యను, అక్కడ చేతులు జోడించుకుని ఉండాలి.

11. ఊరు దాటేలోపు

కార్డులు ఖాళీ చెయ్యకుండా బస్సెక్కకండి. లాప్‌టాప్‌లో ఒక కాపీ, వేరే హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఆ హార్డ్‌డిస్క్ సొంతూళ్ళోనే బీరువాలో. రెండూ తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్. ఫోల్డర్ పేరు ఏడాది, నెల, ఊరు, అంతే.

ఫ్యామిలీ గ్రూపులో నాలుగొందల ఫొటోలు గుమ్మరించకండి, ఎవరూ చూడరు. ముప్పై ఏరండి. అందులో పది 4×6 ప్రింట్లు వేయించి ఇంట్లో ఇవ్వండి.

సంతలో తీసినవాళ్ళకి కూడా తలా ఒక ప్రింటు. అడ్రస్ ఉండదు కాబట్టి కవరు మీద ఊరు, వారం, ఏం అమ్ముతారో రాసి పెట్టుకుంటా. ఇప్పుడు నా బ్యాగు ముందు జేబులో మూడున్నాయి, ఒకదానిమీద "కుందులి, శుక్రవారం, అల్లం మావుసి, వేపచెట్టు పక్కన" అని ఉంది.